ఉడుము వేషం వేసిన ఒంటెలు

మా మేనత్త ఎర్మీనియా తన ఒంటెల గురించి జీవితం మొత్తంలో ఒకే ఒక్క అబద్ధం ఆడింది. ఆ అబద్ధాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పిన నోరు నాది. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా చెప్పవలసింది కూడా నేనే.

మాది ఆఫ్రికా తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న తెనెరీఫె దీవి. తెయిదె అనే అగ్నిపర్వతం దక్షిణపు వాలులో, పైన్ అడవికీ టమాటా మళ్ళకీ మధ్య మా ఊరు. మా తాత నికాసియోకి ఒకప్పుడు పద్నాలుగు ఒంటెలు ఉండేవి. మళ్ళలో కోసిన టమాటాలను గంపలకెత్తి రేవుకు చేర్చడం, కొండ మీది తేలిక రాయిని పొలాలకు దింపడం వాటి పని. తాత పిల్లల్లో పెద్దది అత్త, చిన్నవాడు మా నాన్న. నాన్నకు ఒంటె వాసన పడేది కాదు. అత్త తొమ్మిదేళ్ళకే వరసలో ముందు నడిచే ఒంటె తాడు పట్టుకుని రేవుకు వెళ్ళి వచ్చేది.

తర్వాత లారీలు వచ్చాయి. నెలకొకటి చొప్పున తాత ఒంటెలను అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళలో కసాయివాళ్ళు కూడా ఉన్నారని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. మిగిలినవి మూడు అన్నప్పుడు, పద్దెనిమిదేళ్ళ అత్త ఆ మూడింటి తాళ్ళూ విప్పుకుని మీది దొడ్డికి తోలుకుపోయింది. వాటిని అమ్మితే తనూ వాటితోపాటే వెళ్తానని కబురు పెట్టింది. తాత నాలుగు రోజులు తిట్టి, ఐదో రోజు వాటికి గడ్డి మోసుకెళ్ళాడు. అప్పట్లో ఆమెకు బసీలియో అనే లారీ డ్రైవరుతో పెళ్ళి అనుకున్నారు. అది కూడా ఆగిపోయింది. ఎందుకని అడిగితే, నా ఒంటెల బరువు లాక్కున్నవాడి పక్కన జీవితాంతం ఎట్లా కూచుంటాను అనేది. మళ్ళీ ఎవరినీ చేసుకోలేదు.

ఆ మూడు ఒంటెలే ఆమెను పోషించాయి. దక్షిణ తీరంలో హోటళ్ళు లేచాక యాత్రికులను ఎక్కించుకుని బూడిద నేల మీద గంటసేపు తిప్పడం కొత్త పని అయింది. మూడు ఆరయ్యాయి, ఆరు పదకొండయ్యాయి. నేను చూస్తున్నంత కాలం అత్త ఒంటి మీద గడ్డి పరకలు లేకుండా ఒక్కరోజు కూడా లేదు. పొద్దున్నే వేయించిన గోఫియో పిండిని మేకపాలలో కలుపుకుని తాగి దొడ్డిలోకి వెళ్తే, మధ్యాహ్నానికి గాని మనిషి కనబడేది కాదు.

రెండువేల తొమ్మిదిలో హోటళ్ళు ఖాళీ అయ్యాయి. నేను పనిచేసే హోటలు కూడా మూతపడింది. వారం మొత్తంలో అత్త దొడ్డికి ఇద్దరు ముగ్గురు వచ్చి, ఫోటో తీసుకుని, ఎక్కకుండానే పోయేవారు. సముద్రం అవతలి ప్రధాన భూమిలో ఒక జంతువుల పార్కు వాళ్ళు ఆరు ఒంటెలను తీసుకుంటామన్నారు. జూలై చివర ఓడ మీద లారీ వస్తుందని ఒప్పందం. ఏ ఆరు అని వాళ్ళు అడిగినప్పుడల్లా అత్త తర్వాత చెప్తాననేది.

సరిగ్గా అప్పుడే సినిమావాళ్ళు దిగారు.

వాళ్ళు తీస్తున్నది కొత్త కథేమీ కాదు. పాముల జుట్టు రాక్షసి తల నరికి తేవడానికి బయలుదేరిన గ్రీకు వీరుడి కథ. అదే కథను నలభై ఏళ్ళ కిందట ఒకసారి సినిమాగా తీశారు. అత్త దాన్ని చర్చి వెనక గోడ మీద, పాదిరి తెప్పించిన యంత్రంతో వేసినప్పుడు చూసింది. ఎడారిలో వీరుడి మీదికి కొండంత ఉడుములు వచ్చే ఘట్టం ఉంటుంది. నిజానికి అవి అరచేతిలో పట్టే బొమ్మలు. వేలితో కొంచెం జరిపి, ఒక ఫోటో తీసి, మళ్ళీ కొంచెం జరిపి నడిపించారట. అయినా ఊళ్ళో ఆడవాళ్ళంతా శిలువ గుర్తు వేసుకున్నారు. అత్త మాత్రం ఉడుము చచ్చిపోయినప్పుడు ఏడ్చింది. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు.

కొత్త సినిమాలో ఉడుములు శత్రువులు కావు, ఎడారి మనుషుల వాహనాలు. వాటి మీద మనుషులు ఎక్కి పోవాలి. అందుకని నిజం ఒంటెల మీద మనుషులను ఎక్కించి తీసి, ఆ తర్వాత కంప్యూటరులో ఒంటె మీద ఉడుమును గీస్తారు. ఈ మాట నేను అత్తకు విడమరిచి చెప్పాను.

"ఈ దీవిలో ఏ రాయెత్తినా బల్లే కదే. ఒక్కదానికీ కూలి ఇవ్వక్కర్లేదు. దానికి ఒంటెలెందుకు వీళ్ళకి?"

జంతువుల పనంతా చూసే ఆమె పేరు రోవెనా. ఇంగ్లీషు మనిషి, పొడుగ్గా ఉంటుంది, నిలబడే తింటుంది, నిలబడే రాసుకుంటుంది. మేకజున్ను పెడితే రెండుసార్లు అడిగి మరీ పెట్టించుకుంది. ఆమె చెప్పిన షరతులు నేను అత్తకు చెప్పాను. ఒంటెలు పదకొండు కావాలి. అన్నీ ఆరేళ్ళు దాటినవై, మనుషులను మోయడం అలవాటైనవై ఉండాలి. పదకొండూ ఒకే చోట దొరక్కపోతే పక్క దీవి నుంచి మొత్తం తెప్పించుకుంటారు.

అత్త దగ్గర సరైనవి పది. పదకొండోది లుసేరో. దొడ్డిలో అన్నిటికంటే పెద్దదైన పల్మేరా కొడుకు. ఆ వసంతంలో దానికి నాలుగేళ్ళు నిండాయి. అప్పటిదాకా ఇసుక సంచులు మోసిందే తప్ప మనిషిని మోయలేదు. మెడ ఎత్తి నడిస్తే మాత్రం మిగతా పదీ దాని ముందు దిష్టిబొమ్మల్లా కనబడేవి. రోవెనా చూపు కూడా తిన్నగా దాని మీదే పడింది.

"దీని వయసెంతని అడుగుతోంది అత్తా."

"ఏడని చెప్పు."

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"ఏంటే ఆ చూపు? ఏడు. చెప్పు."

చెప్పాను. రోవెనా ఏడు అని రాసుకుంది. అత్త గేటు దగ్గరికి వెళ్ళి, అప్పటికే బిగించి ఉన్న గొళ్ళెం మళ్ళీ బిగించింది.

షూటింగుకు రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలలూ అరవయ్యొక్క ఏళ్ళ అత్త తెల్లవారకముందే లేచి లుసేరో మీద తనే ఎక్కి కూచునేది. తాడు వదులైతే మోకాళ్ళు మడిచి కూచోవడం దానికి నేర్పింది. దొడ్డిలో అది బుద్ధిగానే తిరిగేది. రేకు డబ్బాలు మోగించినా, దుప్పటి విదిలించినా ఓర్చుకునేది. చాల్లే, చిన్నవాడైనా తెలివైనవాడు అని అత్త తనకు తనే చెప్పుకోవడం నేను విన్నాను.

జూన్‌లో మమ్మల్ని లావా మైదానానికి తీసుకెళ్ళారు. నన్ను దుబాసీ పనికి పెట్టుకున్నారు. రౌతులంతా దీవుల్లో దొరికిన మనుషులే. వాళ్ళలో ఒకడు ఫెర్మీన్. ఎదురు దీవి గ్రాన్ కనారియా నుంచి వచ్చాడు. ముప్పయ్యారేళ్ళు, హోటల్లో వడ్డించే పని పోయి ఖాళీగా ఉన్నాడు. ఎత్తూ భుజాలూ సినిమా వీరుడికి సరిగ్గా సరిపోయాయని, దూరం నుంచి తీసే షాట్లలో వీరుడి బదులు ఇతణ్ణి కూచోబెట్టాలనుకున్నారు. వీరుడికి అందమైన వాహనం కావాలి కాబట్టి లుసేరో అతనికి వచ్చింది.

మొదటి రోజు అతను ఒంటె దగ్గరికి వచ్చిన తీరు చూసి అత్త కళ్ళు చిట్లించింది. అది ఇంకా నిలబడి ఉండగానే జీను అందుకోవాలని రెండుసార్లు ఎగిరాడు.

"మీ దీవిలో ఒంటెలకి మెట్లుంటాయా అబ్బాయ్?"

"నేను ఒంటెల ఊరు మస్పలోమాస్‌లో పుట్టానండీ. నడక రాకముందే ఒంటెక్కాను," అన్నాడు ఫెర్మీన్ తడుముకోకుండా.

"అందుకే నడక ఇంకా రాలేదన్నమాట."

చుట్టూ ఉన్న రౌతులు నవ్వారు, అతనూ నవ్వాడు. అత్త లుసేరోను కూచోబెట్టి అతణ్ణి ఎక్కించింది. జీను కొయ్యను అతను పట్టుకున్న పట్టు చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. అత్తకూ వచ్చింది. కానీ అడగలేదు. ఒంటె గురించి అబద్ధమాడినదాన్ని రౌతును ఏమని నిలదీస్తానని నాతో తర్వాత అన్నది.

ఒంటెలకు మెడ నుంచి మోకాళ్ళ దాకా నీలం గుడ్డలు తొడిగి, వాటి మీద తెల్ల చుక్కలు అంటించారు. వెనకాల ఉడుము తోక కోసం మనిషంత పొడుగు స్పాంజి బద్ద కట్టారు. మొదట్లో ఒంటెలు ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక మూలుగుతూ తిరిగాయి. పల్మేరా మాత్రం ఒక్కొక్కదాన్నీ వాసన చూసి, కొడుకు దగ్గరికి పోయి ఊరుకుంది. రెండు రోజులు ఏ గొడవా లేకుండా పని సాగింది.

మూడో రోజు మర్నాటికి కలీమా వస్తుందని రేడియోలో చెప్పారు. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చే దుమ్ము అది. కానీ మధ్యాహ్నానికే కొండ అంచులు పచ్చబారాయి. గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. అత్త ముక్కు ఎగబీల్చి, ఆపేయమని చెప్పు వాళ్ళకి అన్నది. నేను రోవెనాకు చెప్పాను. ఆమె వెంటనే పైవాళ్ళతో మాట్లాడింది. ఆ పసుపు వెలుతురు దర్శకుడికి బాగా నచ్చిందట, ఇంకొక్కసారి తీసి ఆపేద్దామన్నాడు.

ఆ ఒక్కసారిలోనే అంతా జరిగింది. గాలి యంత్రం వేశారు. పదకొండు ఒంటెలూ వరసగా నడక మొదలుపెట్టాయి. లుసేరో తోక బద్ద కట్టు తెగి, వెనక కాళ్ళ మధ్యకు జారి, అడుగేసినప్పుడల్లా కొట్టుకోసాగింది. అది ఒక్కసారి వెనక్కి తన్ని, వరస తప్పి పరుగు తీసింది. ఫెర్మీన్ దాని మెడ కరుచుకుని ఏదో కేక వేశాడు. నల్ల రాళ్ళ గట్టు మీద ఇద్దరూ ఒక్క క్షణం కనబడి, అవతలికి దిగిపోయారు. పది నిమిషాలు తిరగకముందే పక్కనున్న వ్యాను కూడా కనబడనంత దుమ్ము కమ్మేసింది.

కొండ గస్తీ పోలీసులు వచ్చారు. దుమ్ములో హెలికాప్టరు ఎగరదని, ఆ రాళ్ళలో మనిషి కాలు పట్టేంత పగుళ్ళుంటాయని, ముగ్గురేసి జట్లుగా నడిచే వెతకాలని సార్జంటు చెప్పాడు. ఫెర్మీన్ ఒంటి మీద సినిమా బట్టలు తప్ప ఏమీ లేవు. ఫోను లేదు, నీళ్ళు లేవు. ఆ ఎండకు గొంతు తడుపుకోకుండా ఎంతసేపు ఉండగలడని అందరూ లోలోపల లెక్క వేసుకుంటున్నారు. రోవెనా గస్తీవాళ్ళకు ఒంటె వివరాలు చెప్తూ, ఏడేళ్ళది, బాగా అలవాటైనది, కాసేపటికి దానంతటదే ఆగుతుంది అన్నది.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"దానికి నాలుగేళ్ళే అని చెప్పు. మనుషులు అలవాటు లేదని చెప్పు. నేనే అబద్ధం చెప్పానని చెప్పు."

"అత్తా, ఇప్పుడా?"

"ఇప్పుడే. వాళ్ళు తప్పు లెక్కతో వెతుకుతున్నారు."

నేను చెప్పాను. ఏడు అన్నది అత్త ఒక్కతే కాదు, తెలిసీ చెప్పింది నేనూ అని కూడా కలిపాను. రోవెనా సార్జంటు వైపు తిరిగి, ముందు చెప్పింది కొట్టేయమని, అది ఆగకపోవచ్చని మాత్రం చెప్పింది. మా వైపు చూడను కూడా లేదు. అంతకంటే రెండు చెంపలూ వాయించినా బాగుండేది అనిపించింది.

అత్త అప్పటికే పల్మేరా ఒంటి మీది నీలం గుడ్డ కోసేస్తోంది. రెండు తోలుసంచుల్లో నీళ్ళు కట్టింది. తడిపిన గుడ్డ ముక్కుకు చుట్టుకుని, నాకూ ఒకటి ఇచ్చింది. ముసలామెను ఆ దుమ్ములోకి పోనివ్వనని సార్జంటు అడ్డం నిలబడ్డాడు.

"మీరు మనిషిని వెతకండి నాయనా. నేను నా ఒంటెను వెతుక్కుంటాను."

చివరికి అతను ఒక గస్తీవాణ్ణి రేడియోతో మా వెంట పంపాడు.

గట్టు దాటాక అత్త పల్మేరా తాడు పూర్తిగా వదిలేసింది. అది పది అడుగులు వేసి ఆగింది. తల ఎత్తి, పొట్ట లోపలి నుంచి వచ్చే గొంతుతో ఒక పొడుగాటి అరుపు అరిచి, చెవులు తిప్పుతూ నిలబడింది. ఏమీ వినబడలేదు. మళ్ళీ నడిచింది. గస్తీవాడు బాట ఎడమకు పోతుందని చెప్పాడు. పల్మేరా కుడికి తిరిగింది. అత్త ఏమీ ఆలోచించకుండా దాని వెనకే కుడికి తిరిగింది.

అట్లా రెండు గంటలు నడిచాం. ముందున్న అత్త వీపు, దాని ముందు పల్మేరా వెనక కాళ్ళు, అంతకు మించి ఏమీ కనబడేది కాదు. పళ్ళ మధ్య ఇసుక కరకరలాడేది. ఒక చోట రాయి మీద తెల్ల చుక్కల నీలం గుడ్డ పేలిక దొరికింది. ఇంకొంచెం ముందుకు పోతే ఒక చెప్పు, గ్రీకు వీరుల చెప్పు, తోలు పట్టీలు మోకాలి దాకా చుట్టుకునేది. అత్త దాన్ని ఎత్తుకుని నడుముకు దోపుకుంది. అక్కణ్ణుంచి ఆమె నడక మారింది. తడబడుతూ, తొందరపడుతూ నడిచింది.

"వాడికి తల్లి ఉందా?"

ఉందని, వారానికి రెండుసార్లు ఫోను చేస్తుంటాడని చెప్పాను.

"ఏదైనా అయితే ఆ దీవికి నేనే వెళ్ళి చెప్తాను. నువ్వు రావద్దు, నువ్వు మాట్లాడొద్దు. నేనే చెప్పాలి."

మా అత్త ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా చూడలేదు. ముఖమంతా గుడ్డే కదా. కానీ ఆ గొంతు విన్నాక ఆమె చెయ్యి పట్టుకోకుండా నడవలేకపోయాను.

పల్మేరా మళ్ళీ ఆగి అరిచింది. ఈసారి గాలిలోంచి సన్నగా, పగిలిన బాకా ఊదినట్టు ఒక జవాబు వచ్చింది. నేను అది గాలే అనుకున్నాను. పల్మేరా అనుకోలేదు. రాళ్ళ మీద అంత ముసలి ఒంటె పరుగెత్తగలదని నాకు అప్పుడే తెలిసింది.

రెతామా పొదల వెనక నేల గిన్నెలా పల్లమైన చోట లుసేరో మోకాళ్ళు మడిచి కూచుని ఉంది. గాలికి వీపు పెట్టి, మెడ నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని. దాని పొట్టను ఆనుకుని, వీరుడి ఎర్ర అంగీ నెత్తిన కప్పుకుని ఒక ముద్ద. ఆ ముద్ద కదిలింది. అంగీ లోంచి దుమ్ము కొట్టుకున్న ముఖం బయటికి వచ్చింది.

అత్త ఎంత దూరంలో ఉందో అక్కడే కూలబడింది. తర్వాత చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ అతని దగ్గరికి పోయి, నోటికి నీళ్ళ సంచి ఆనించి, కొంచెం కొంచెం తాగరా అబ్బాయ్, కొంచెం కొంచెం అంటూ వీపు నిమిరింది. గస్తీవాడు అతని భుజం చూసి మెడ దగ్గరి ఎముక విరిగిందని, మిగతా అంతా బాగానే ఉందని రేడియోలో చెప్పాడు. రేడియో అవతల నుంచి చాలామంది ఒక్కసారిగా మాట్లాడారు. ఎవరి మాటా అర్థం కాలేదు, కానీ అదంతా సంతోషమని తెలుస్తోంది.

జరిగింది ఫెర్మీన్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గట్టు దిగిన కాసేపటికే అతను జీను లోంచి పక్కకు ఒరిగిపోయాడు. తాడు చేతికి చుట్టుకుని ఉండడంతో ఒంటె అతణ్ణి కొంత దూరం ఈడ్చుకుపోయి, తోక బద్ద ఊడి పడిపోయాక నిలబడింది. దుమ్ము దట్టమయ్యాక అతను తాడు పట్టుకునే నడిచి, ఈ పల్లంలో పడిపోయాడు. తాడు వదులు కాగానే లుసేరో మోకాళ్ళు మడిచి కూచుంది. అది లేచిపోతుందేమోనని భయపడి అతను తాడును నడుముకు కట్టుకున్నాడు. అది లేవలేదు.

ఇంతా చెప్పి అతను అత్త ముఖంలోకి చూడలేక ఇసుక వైపు చూశాడు.

"ఎర్మీనియా గారూ, మీకో మాట చెప్పాలి. తప్పు మీ ఒంటెది కాదండీ. నేను ఒంటెక్కడం ఈ వారమే మొదలు. మాది మస్పలోమాస్ కూడా కాదు, తెల్దె. మా నాన్న బస్సు నడిపేవాడు."

"బస్సా?" అంది అత్త.

"అవునండీ. ఊళ్ళో తిరిగే బస్సు."

అత్త ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"దానికి నాలుగేళ్ళురా. ఏడని నేను చెప్పాను. దాని మీద కూచున్న మనుషుల్లో నువ్వు రెండోవాడివి. మొదటిదాన్ని నేనే."

ఫెర్మీన్ మెల్లగా తల తిప్పి లుసేరో వైపు చూశాడు. అది ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

"పాపం, దానికి కూడా కొత్తేనా?" అన్నాడు.

అత్త నవ్వింది. మొదట గొంతులోనే చిన్నగా, తర్వాత ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వింది. భుజం నొప్పికి అయ్యో అయ్యో అంటూనే అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారి చెంపల మీది దుమ్ములో చారలు పడ్డాయి. గస్తీవాడు మా ముగ్గురికీ ఎండదెబ్బ తగిలిందనుకుని ఇంకో సంచి మూత విప్పాడు. పల్మేరా ఇదేమీ పట్టించుకోలేదు. కొడుకు మెడ మీది దుమ్మును పై నుంచి కిందికి, కింది నుంచి పైకి నాకుతూ నిలబడింది.

స్ట్రెచరు పట్టుకుని మిగతా జట్టు వచ్చేసరికి గంట పట్టింది. ఒంటె మీద తీసుకెళ్దామా అని అత్త అడిగితే, ఈ జన్మకు చాలన్నాడు ఫెర్మీన్. పొద్దు ఇంకా ఉండగానే మైదానానికి చేరుకున్నాం. సినిమా వ్యానుల మధ్య నేల మీద కూచుని ఉంది రోవెనా. ఆమె కూచోవడం నేను చూడడం అదే మొదటిసారి. స్ట్రెచరు మీది మనిషి చెయ్యి ఊపగానే ఆమె మోకాళ్ళలో ముఖం దాచుకుంది. తర్వాత లేచి వచ్చి, అత్తను గట్టిగా కావలించుకుని, వెంటనే వదిలేసి, పది నిమిషాలు తిట్టింది. ఆ తిట్లన్నీ నేను మన భాషలోకి మార్చి చెప్పబోతే అత్త చేత్తో ఆపింది. అర్థమవుతోందిలే, తిట్టనీ అన్నది. ఆ రాత్రి అత్త పడుకున్నది మంచం మీద కాదు, దుప్పటి వేసుకుని ఒంటెల మధ్య. మర్నాడు తొమ్మిదింటికి గాని లేవలేదు.

దుమ్ము రెండు రోజులు తగ్గలేదు. మూడో పొద్దున రోవెనా కాగితాలు పట్టుకుని వచ్చి, ఒక్కొక్క ఒంటె వయసూ తనకు రుజువు చూపించమన్నది. అత్త చేతులు కడుక్కుని, వరసగా కూచోబెట్టి, ఒక్కొక్కదాని పెదవి ఎత్తి పళ్ళు చూపించింది. కోరపళ్ళు ఎప్పుడు వస్తాయో, అరిగిన పన్ను ఎట్లా ఉంటుందో రోవెనా వేలు పట్టుకుని తడిమించింది. లుసేరో దగ్గరికి వచ్చేసరికి ముందరి పాలపళ్ళు కూడా ఇంకా ఊడలేదు. రోవెనా వాటిని చాలాసేపు చూసి, నిట్టూర్చి, కాగితం మీద ఏడును కొట్టేసి నాలుగు వేసింది. అత్త తన జీవితంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం నేను చూడలేదు.

లుసేరోను సినిమాలోంచి తీసేశారు. మిగతా పదింటినీ ఉంచుకున్నారు. పదకొండు ఎందుకు అంత అవసరమైందని నేను ధైర్యం చేసి అడిగాను. ఉడుము బట్టలు కుట్టేవాళ్ళు పదకొండు జతలు కుట్టేశారట, కారణం అంతేనట. ఈ మాట అత్తకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని ఆమె కోప్పడలేదు. బట్టలు మిగిలిపోకూడదని నేను అబద్ధమాడానన్నమాట అని, తల కొట్టుకుని నవ్వింది.

పని మూడు వారాలు అనుకున్నది ఏడు వారాలు సాగింది. జూలై చివర పార్కువాళ్ళు లారీ పంపుతామని ఫోను చేస్తే, అత్త ఒంటెలు అమ్మడం లేదని చెప్పమంది. కారణం అడుగుతున్నారంటే, వాటికి పని దొరికిందని చెప్పమంది. ఫోను పెట్టేశాక దొడ్డిలోకి వెళ్ళి, ఆరింటినీ కాదు, పదకొండింటినీ పేరు పెట్టి పిలిచి వచ్చింది.

సెప్టెంబరులో ఫెర్మీన్ ఓడ దిగి నేరుగా దొడ్డికి వచ్చాడు. భుజం కట్టు విప్పేశారు. పని ఇస్తారా అని అడిగాడు. అత్త పార చేతికిచ్చి, మూడు నెలలు పేడ ఎత్తు, తర్వాత తాడు సంగతి చూద్దాం అన్నది. అతను మూడు నెలలూ ఎత్తాడు. సినిమా సంగతి విని జనం మళ్ళీ రావడం మొదలైంది. వచ్చినవాళ్ళకు కథ చెప్పే పని అతను తీసుకున్నాడు. తను ఒంటె మీద పుట్టాననే మాట మాత్రం మళ్ళీ ఎక్కడా అనలేదు.

సినిమా మరుసటి ఏడాది విడుదలైంది. ముగ్గురం సాంతాక్రూస్ పట్నం వెళ్ళి చూశాం. తెర మీద ఒక్క ఒంటె కూడా కనబడలేదు, అన్నీ పొలుసుల ఉడుములే. కానీ ముందు నడిచే ముసలి ఉడుము తల ఊపే తీరు చూసి అత్త పల్మేరా అని గొణిగింది. కాసేపటికి పసుపు దుమ్ములో ఒక ఉడుము వరస తప్పి పరుగు తీసింది, మీద ఒక మనిషి మెడ కరుచుకుని ఉన్నాడు. ఆ షాటును తీసేయలేదు. హాల్లో జనం ఒక్కసారిగా ఊపిరి బిగపట్టారు. అత్త, తన పక్కనే కూచుని వేరుశనగలు తింటున్న ఫెర్మీన్ మణికట్టు పట్టుకుంది. తెర మీది ఉడుము గట్టు దాటి కనుమరుగై, మరో ఘట్టం మొదలై, అది కూడా సగం గడిచాక గాని వదల్లేదు.

"చెయ్యి వదలండి ఎర్మీనియా గారూ, గింజలు కింద పడుతున్నాయి," అన్నాడతను.

"పడనీ," అంది అత్త.